సీసాలో ఏముంది? సుగంధ తైలాలు, సూక్ష్మజీవులు, మన వానాకాలం శిబిరం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము హైస్కూల్లో సైన్సు చెప్పుకునే మనుషులం. డాక్టర్లం కాము, హకీములం అంతకన్నా కాము. అయినా ఈ వేదిక మీదికి మమ్మల్ని పిలవడానికి ఒక కారణం ఉంది. పోయిన వానాకాలం వైద్య శిబిరం అయ్యాక దాతల్లో కొందరు ఒక ఆలోచన చెప్పారు. ఈసారి ప్రతి పేద ఇంటికీ ఒక సీసా నీలగిరి తైలం, ఒక సీసా కలోంజీ నూనె పంచుదాం, దగ్గుకీ జలుబుకీ తామరకీ అన్నిటికీ పనికొస్తాయి, మన పెద్దలు వాడినవే కదా అని. మంచి మనసుతో చెప్పిన మాట. అయితే పంచేముందు ఆ సీసాల్లో ఏముందో, అది ఏం చేయగలదో, ఎక్కడ ఆగిపోతుందో ఒకసారి సభకు చెప్పండి అని కార్యదర్శి గారు మమ్మల్ని అడిగారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు ఒక చిన్న పరీక్ష. మా ఏడో తరగతి పిల్లలు చేసేదే, ఇంట్లో మీరూ చేయవచ్చు. ఒక తెల్ల కాగితం మీద ఒకవైపు కొబ్బరి నూనె చుక్క, ఇంకోవైపు నీలగిరి తైలం చుక్క వేసి ఎండలో పెట్టండి. సాయంత్రానికి కొబ్బరి నూనె మరక అలాగే ఉంటుంది. నీలగిరి తైలం వేసిన చోట దాదాపు ఏమీ మిగలదు. రెంటినీ మనం నూనె అనే అంటాం కానీ రెండూ వేర్వేరు జాతులు. ఒకటి కొవ్వు. రెండోది గాలిలోకి ఎగిరిపోయే సుగంధ తైలం. మొక్క తన ఆకులో, గింజలో, బెరడులో చిన్న చిన్న సంచుల్లో దాన్ని దాచుకుంటుంది. పురుగులూ బూజూ తన జోలికి రాకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు అది. మన కోసం చేసింది కాదు.

ఇప్పుడు అదే కాగితం మీద బజారులో దొరికే కలోంజీ నూనె వేసి చూడండి. మరక మిగులుతుంది. నల్ల జీలకర్ర గింజలో మూడో వంతు దాకా మామూలు కొవ్వు నూనే. సుగంధ తైలం నూటికి ఒక పాలు అటూ ఇటూ. పరిశోధకులు ఎక్కువగా మాట్లాడే థైమోక్వినోన్ అనే పదార్థం ఆ ఒక్క పాలులో ఉంటుంది. గానుగలో ఆడించిన నూనెలోకి అందులో ఎంత వస్తుందన్నది గింజను బట్టి, ఆడించిన తీరును బట్టి, సీసా ఎన్నాళ్లు మూత తీసి ఉందన్నదాన్ని బట్టి మారిపోతుంది. కలోంజీ గురించి హదీసులో ఉన్నది మనందరికీ తెలుసు, దాని మీద మాకు గౌరవం ఉంది. మేము మాట్లాడుతున్నది లేబుల్ అంటించి అమ్మే సీసా గురించి. ఈ రెంటినీ కలిపేసి వ్యాపారం చేసుకునేవాళ్లు చాలామంది తయారయ్యారు.

మొక్కలోంచి ఆ తైలాన్ని బయటికి తీసే విద్యలో మన పూర్వీకుల చేయి పెద్దది. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్-కిందీ సుగంధాల రసాయనం మీద, బట్టీ పట్టడం మీద ఒక గ్రంథమే రాశారు. ఇబ్నె సీనా కనిపెట్టారని చాలామంది అంటుంటారు, ఆయన ఆ తర్వాత శతాబ్దం చివర పుట్టినవారు. ఇంగ్లీషులో బట్టీ పాత్రకు వాడే అలెంబిక్ అన్న మాట అరబ్బీ అల్-అంబీఖ్ నుంచి వెళ్లిందే. కన్నౌజ్‌లో నేటికీ రాగి డేగ్‌లో పూలు మరిగించి, వెదురు గొట్టం గుండా ఆవిరిని భప్కాలోకి పంపి అత్తరు తీస్తారు. చార్మినార్ దగ్గర దుకాణాల్లో రంజాన్ రాత్రుల్లో మన ముంజేతికి రాసి చూపించేది ఆ వంశానిదే.

ఇందులో ఉన్న సైన్సు మాకు ఎన్నిసార్లు చెప్పినా విసుగు రాదు. వాములో ఉండే థైమాల్ మరగాలంటే 232 డిగ్రీల వేడి కావాలి. అంత వేడి పెడితే గింజ మాడిపోతుంది. కానీ వామును నీళ్లతో కలిపి కాస్తే, నీళ్లూ తైలమూ ఒకదానిలో ఒకటి కలవవు కాబట్టి రెంటి ఆవిరి ఒత్తిడీ తోడై, వంద డిగ్రీలకు లోపే రెండూ కలిసి ఆవిరై వచ్చేస్తాయి. చల్లబరిస్తే తైలం పైన తేలుతుంది. కింద మిగిలిన సువాసన నీళ్లే యూనానీలో అరఖ్. చంటిపిల్లల కడుపు నొప్పికని నానీలు పట్టే ఓమ వాటర్ దాని చుట్టమే. పైన తేలిన తైలాన్ని ఇంకా చల్లబరిస్తే తెల్లటి స్ఫటికాలు దిగుతాయి. పచారీ కొట్లో అడిగితే ఇచ్చే వాము పువ్వు అదే. ఉర్దూలో అజ్వాయిన్ కా ఫూల్ అంటాం. మందుల దుకాణం భాషలో థైమాల్.

వంద కిలోల వాము నుంచి రెండు, మూడు, మహా అయితే నాలుగు కిలోల తైలం వస్తుంది. లవంగ మొగ్గ చాలా ఉదారమైనది, పదిహేను కిలోల పైనే ఇస్తుంది. నిమ్మగడ్డి అర కిలో కూడా ఇవ్వదు. గులాబీ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఒక్క కిలో తైలానికి మూడు నాలుగు టన్నుల రేకులు కావాలి. ఈ లెక్క గుర్తుంటే యాభై రూపాయలకు అసలైన గులాబీ తైలం అని అమ్మేవాడిని ఏమనాలో మీకే తెలుస్తుంది.

ఇక ఆ తైలంలో ఏముందన్న ప్రశ్న. ఒక్క పదార్థం ఉండదు, పదులు, ఒక్కోసారి వందకు పైన ఉంటాయి. గ్యాస్ క్రొమటోగ్రఫీ అనే యంత్రంలో చుక్క వేస్తే, తేలికవి ముందూ బరువైనవి వెనకా ఒక్కొక్కటే బయటికొస్తూ కాగితం మీద శిఖరాల్లాగా గీత గీస్తాయి. లవంగ తైలంలో ఒకే పెద్ద శిఖరం, యూజెనాల్, నూటికి డెబ్భై నుంచి ఎనభై అయిదు దాకా అదే. నిమ్మగడ్డిలో సిట్రాల్. నీలగిరి తైలంలో సినియోల్, మందుకు పనికి రావాలంటే అది డెబ్భై శాతమైనా ఉండాలి. వాములో థైమాల్ సగం అటూ ఇటూ, మిగతాది ఎక్కువగా పారా-సైమీన్, గామా-టెర్పినీన్.

పేరు ఒకటే అయినంత మాత్రాన సరుకు ఒకటి కాదు. తులసినే చూడండి. ఒక తోటలో తులసి యూజెనాల్ ఎక్కువ ఇస్తే ఇంకో రకం మిథైల్ యూజెనాల్ ఎక్కువ ఇస్తుంది. ఆకు చూసి, వాసన చూసి చెప్పలేం. మన జిల్లాల్లో కాగితం మిల్లుల కోసం వేసే జామాయిల్ తోటలు నీలగిరి చెట్టుకు దాయాదులే కానీ ఎక్కువగా వేరే జాతులు, వాటి తైలం కూడా వేరు. ఆస్ట్రేలియా చెట్టుకి తెలుగులో నీలగిరి అని పేరు రావడం ఆ కొండల్లో ఇంగ్లీషువాళ్లు నాటడం వల్ల. పేర్లతో ఇదే చిక్కు.

కల్తీ కూడా కొత్తది కాదు. మధ్య భారతం అడవుల్లో పెరిగే రోషా గడ్డి తైలంలో గులాబీ వాసన వేసే జెరానియోల్ నిండుగా ఉంటుంది. పాత రోజుల్లో అది బొంబాయి రేవు నుంచి ఓడల మీద ఎర్ర సముద్రం దాకా వెళ్లి, అక్కడినుంచి ఇస్తాంబుల్ చేరి, బల్గేరియా గులాబీ అత్తరులో కలిసిపోయేది. పేరుకు టర్కీ సరుకు, పుట్టింది మన గడ్డి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఇవి క్రిములను చంపుతాయా? చంపుతాయి. ఈ విషయంలో మన నానీలు, దాదీలు చెప్పింది నిజం. ఎలా చంపుతాయో కూడా చాలావరకు తెలిసింది. సూక్ష్మజీవి చుట్టూ కొవ్వుతో చేసిన పలుచని పొర ఉంటుంది. తైలం నీళ్లను ఇష్టపడదు, కొవ్వును ఇష్టపడుతుంది. కాబట్టి పోయి ఆ పొరలో దూరుతుంది. పొర వదులై లోపలి పొటాషియం, శక్తినిచ్చే పదార్థాలు బయటికి కారిపోతాయి. ఇందులో అందరి బలం ఒకటి కాదు. థైమాల్, యూజెనాల్ ఫీనాల్ జాతివి, వాటి ఉంగరానికి ఒక హైడ్రాక్సిల్ తగిలి ఉంటుంది. దెబ్బ కొట్టేది ఎక్కువగా అదే. పారా-సైమీన్ థైమాల్‌కు తోబుట్టువులా ఉంటుంది కానీ ఆ హైడ్రాక్సిల్ లేదు, ఒంటరిగా అది పెద్దగా ఏమీ చేయదు. లిస్టర్ దొర ఆపరేషన్లలో వాడిన కార్బాలిక్ ఆమ్లం, మన ఇళ్లలో డెట్టాల్‌లో ఉండే క్లోరోక్సైలెనాల్, వాము పువ్వు, ఈ మూడూ ఒకే కుటుంబం. లిస్టర్ పేరు పెట్టుకుని 1879లో వచ్చిన లిస్టెరిన్‌లో థైమాల్, మెంథాల్, సినియోల్ ఉంటాయి. మన హైదరాబాద్‌లో 1920లో ఒక హకీం సాబ్ మొదలుపెట్టిన జిందా తిలిస్మాత్‌లోనూ నీలగిరి తైలం, కర్పూరం, మెంథాల్, థైమాల్ ఉంటాయి. ఒకటి అమెరికా నుంచి, ఒకటి మన గల్లీ నుంచి. రసాయనం మాత్రం పొరుగిల్లే.

అన్ని క్రిములూ ఒకేలా లొంగవు. కొన్నిటికి పైన ఇంకో అదనపు పొర ఉంటుంది. ఆసుపత్రుల్లో కాలిన గాయాలకు పట్టే సూడోమొనాస్ లాంటిది చాలా తైలాలను లెక్కే చేయదు.

మా పిల్లలు రొట్టెముక్కలతో చేసిన ప్రయోగం ఒకటి చెప్పాలి. జబ్బు క్రిములను బడిలో పెంచకూడదు, అందుకని బూజుతో సరిపెట్టాం. రెండు డబ్బాల్లో తడి రొట్టెముక్క పెట్టి, ఒకదాని మూతకు లవంగ తైలం చుక్క వేసిన దూది అంటించారు. ఏమీ లేని డబ్బాలో మామూలుగానే బూజు పట్టింది. రెండోదానిలో వాసన ఘాటుగా ఉన్నన్నాళ్లూ పట్టలేదు. రోజూ మూత తీసి చూడటంతో వాసన తగ్గుతూ వచ్చింది. వాసన పోయాక అక్కడా పట్టింది. వాసన పోవడమంటే మందు పోవడమే సార్ అని ఒక పిల్లవాడు నోటుబుక్కులో రాశాడు. ఆ వాక్యానికి మేము పూర్తి మార్కులు వేశాం.

ప్రయోగశాలలో గాజు పళ్లెంలో క్రిములు పెంచి, తైలంలో ముంచిన కాగితం బిళ్ల మధ్యలో పెడితే దాని చుట్టూ క్రిములు పెరగని గుండ్రని ఖాళీ కనబడుతుంది. పేపర్లో అమృతం దొరికిందన్నట్టు వచ్చే వార్తలు చాలావరకు ఈ ఖాళీ చూసి రాసినవే. ఆ ఖాళీ అబద్ధం కాదు. అయితే పళ్లెం మనిషి కాదు. లెక్క వేసి చూద్దాం. గొంతు నొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్‌ను ఆపడానికి ఒక మిల్లీలీటరు ద్రవంలో పెన్సిలిన్ 0.1 మైక్రోగ్రాము కూడా అక్కర్లేదు. తైలాలకు మామూలుగా వందల మైక్రోగ్రాములు కావాలి, కొన్నిటికి వేలు. 250 అనుకుందాం. పెద్దమనిషి ఒంట్లో అయిదు లీటర్ల రక్తం ఉందనుకుంటే, ఆ రక్తంలోనే ఒకేసారి ఒకటింపావు గ్రాము థైమాల్ కలిసి ఉండాలి. కండల్లోకి, కొవ్వులోకి పోయేది వేరే. పైగా మింగిన థైమాల్‌ను కాలేయం ఊరుకోనివ్వదు, వెంటనే రూపం మార్చి మూత్రంలోకి పంపేస్తుంది.

అంత మోతాదు పట్టిస్తే ఏమవుతుందో ఊహించనక్కర్లేదు, చరిత్రలో జరిగింది. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కొంకి పురుగులు పేగుల్లో చేరి లక్షల మంది రక్తం పీల్చేస్తుంటే, రాక్‌ఫెల్లర్ వారి డబ్బుతో నడిచిన ఉద్యమంలో డాక్టర్లు థైమాల్ గ్రాముల లెక్కన మింగించారు. పురుగులు పడిపోయాయి, ఎందరో బాగుపడ్డారు. అయితే రోగికి ఒక గట్టి హెచ్చరిక ఉండేది: ఆ రోజు నూనె, కొవ్వు, సారా ముట్టకూడదు. వాటిలో థైమాల్ కరిగి ఒంటికి పడితే మనిషికే ప్రమాదం. విరేచనానికి కూడా ఆముదం ఇవ్వక ఉప్పు మందు ఇచ్చేవాళ్లు. అంటే ఆ వైద్యం నడిచిందే థైమాల్ పేగు దాటి ఒంట్లోకి పోకుండా కాపలా కాయడం మీద. దానికన్నా మంచి మందులు రాగానే దాన్ని వదిలేశారు.

కారణం ఇందాక చెప్పిన పొరలోనే ఉంది. పెన్సిలిన్ క్రిమి గోడను కట్టనివ్వదు, మన కణాలకు ఆ గోడే లేదు కాబట్టి మనకు దెబ్బ తగలదు. సుగంధ తైలం దెబ్బ కొట్టే కొవ్వు పొర క్రిమికీ ఉంది, మనకూ ఉంది. దానికి తనవాళ్లూ పరాయివాళ్లూ తెలియదు. అందుకే ఇవి ఒంటి పైన, నోటి లోపల, పళ్ల మధ్య, నేల మీద, ఆహారం నిలవ ఉంచడంలో బాగా రాణిస్తాయి. పంటి డాక్టరు పుచ్చిన పంటిలో తాత్కాలికంగా నింపే సిమెంటులో ఈరోజుకీ యూజెనాల్ ఉంది. 1990లో ఆస్ట్రేలియాలో మొటిమలకు 5 శాతం టీ ట్రీ తైలాన్ని, బెంజాయిల్ పెరాక్సైడ్‌ను పక్కపక్కన పరీక్షిస్తే, రెండూ పనిచేశాయి. తైలం నెమ్మదిగా పనిచేసింది, చిరాకు తక్కువ పెట్టింది. మాకు నచ్చేది ఇలాంటి మాట. ఎంత, దేనికి, దేనితో పోలిస్తే అని చెప్పే మాట.

ఊపిరితిత్తుల లోపల ముదిరిన జబ్బుకి ఛాతీ మీద రాసిన తైలం చేరదు. ముక్కు తెరుచుకున్నట్టు, గాలి బాగా ఆడినట్టు అనిపిస్తుంది. మెంథాల్ చల్లదనాన్ని గుర్తుపట్టే నరాలను తట్టి ఆ భావన కలిగిస్తుంది. ఉపశమనం కూడా విలువైనదే, కాదనం. కానీ ఆ ఉపశమనం రోజులను తినేస్తుంది. మా బడిలో ఎనిమిది చదివే ఒక అమ్మాయి వాళ్ల అమ్మీ కుట్టుపని చేస్తుంది. రెండు నెలలు దగ్గుతూ రోజూ రాత్రి తైలం రాసుకుంది. పొద్దున్నే కాస్త తేలిగ్గా ఉండేదట, అందుకే ఆసుపత్రికి పోలేదు, పోతే ఆ రోజు కూలి పోతుంది. చివరికి కళ్లె పరీక్షలో క్షయ అని తేలింది. మందులు ఆరు నెలలు వాడి ఇప్పుడు బాగుంది, అల్హందులిల్లాహ్. ఆ రెండు నెలలు ఒకే గదిలో ఆమె పక్కన పడుకున్న పిల్లలు ముగ్గురు. మనం సీసా పంచబోయేది ఇలాంటి ఇంటికే. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, మందులూ ఉచితం. ఆ మాట సీసాతో పాటు వెళ్లకపోతే సీసా వెళ్లకపోవడమే మేలని మా అభిప్రాయం.

చిన్నపిల్లల సంగతి ఇంకా భయం. నీలగిరి తైలం ఒక టీస్పూను పసివాడి కడుపులోకి పోతే స్పృహ తప్పవచ్చు. కర్పూరం ఒక గ్రాము పసిప్రాణం తీసిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి, దానితో వచ్చే ఫిట్స్ నిమిషాల్లో మొదలవుతాయి. అమెరికాలో ఒంటికి రాసే మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదని నియమం పెట్టింది అందుకే. రెండేళ్లలోపు పిల్లల ముక్కు దగ్గర మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలం ఏదీ రాయకూడదు, ఊపిరి బిగుసుకుపోతుంది. తాగించకూడదు. మరిగే నీళ్ల గిన్నె మీద పిల్లల్ని వంచి ఆవిరి పట్టకూడదు, గిన్నె ఒలికితే అయ్యే గాయం ఏ జలుబు కన్నా పెద్దది. ఒకే గదిలో వంటా పడకా ఉన్న ఇళ్లలో సీసా ఎక్కడ పెడతారు? పిల్లవాడి చేతికి అందేచోటే. పైగా అది తీపి మందులా వాసన వేస్తుంది.

కాబట్టి మా విన్నపం ఇది. నీలగిరి తైలం పెద్ద సీసాలు వద్దు. ఇవ్వాలనుకుంటే పది మిల్లీలీటర్ల సీసా, పిల్లలు తిప్పలేని మూతతో, చుక్కలుగా మాత్రమే పడే బిరడాతో ఇద్దాం. తయారీ లైసెన్సు నంబరు, గడువు తేదీ ఉన్న సరుకే కొందాం, డ్రమ్ములో తెచ్చి నింపించింది ఎంత చవకైనా వద్దు. సీసా మీద తెలుగులోనూ ఉర్దూలోనూ పెద్ద అక్షరాలతో మూడు ముక్కలు రాయిద్దాం: తాగరాదు, రెండేళ్లలోపు పిల్లలకు వాడరాదు, రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష. చదవలేని తల్లులకు మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఇంటింటికీ వెళ్లి చదివి చెబుతారు, వాళ్లు ఒప్పుకున్నారు. కలోంజీ నూనె మాత్రం మందని కాక ఆహారంగా ఇస్తే మాకు అభ్యంతరం లేదు. అయితే తామరకు రాయండి అని చెప్పి ఇవ్వొద్దు. తామరకు డాక్టరు రాసిన మందు వారాల తరబడి వాడాల్సిందే. మిగిలే డబ్బులో కొంత పరీక్షకు వెళ్లేవారి ఆటో ఛార్జీకి, ఆ రోజు పోయే కూలికి పక్కన పెడితే, రెండు నెలల దగ్గు రెండు వారాలకే బయటపడుతుంది.

ఇంకొకటి కూడా అడుగుతున్నాం, మొహమాటం లేకుండా. మా బడి ల్యాబులో బట్టీ పట్టే గాజు సామాను పగిలిపోయి ఉంది, పనిచేసే మైక్రోస్కోపు ఒక్కటే ఉంది. జకాత్ డబ్బు ఎవరికి చెందాలో ఉలమా చెబుతారు, దాన్ని మేము అడగడం లేదు. సదఖాలోంచి, మామూలు విరాళాల్లోంచి దీనికి ఇవ్వగలిగినవారు ఉంటే వాము బట్టీ పట్టి పిల్లలకు కళ్లెదుటే చూపిస్తాం. మన అమ్మాయిల్లో ఇద్దరు ముగ్గురు బీఎస్సీ కెమిస్ట్రీ చదవాలనుకుంటున్నారు. హైదరాబాద్ బోడుప్పల్‌లో సీమ్యాప్ కేంద్రం ఇలాంటి మొక్కల మీదే పనిచేస్తోంది, ఎర్రగడ్డలో చర్మవ్యాధుల కోసం యూనానీ జాతీయ పరిశోధన సంస్థ ఉంది. అక్కడ మన పిల్ల ఒకతె యంత్రం ముందు కూర్చుని, మనం కొన్న సీసాలో సినియోల్ ఎంత శాతం ఉందో మనకే చెప్పే రోజు రావాలని మా ఆశ, ఇన్‌షా అల్లాహ్.

గాజు సామానుకు, మైక్రోస్కోపుకు తెప్పించిన ధరల పట్టిక, సీసా మీద అంటించాల్సిన చీటీ నమూనా కార్యదర్శి గారికి అందజేశాం. చీటీలో ఉర్దూ రాత ఒకసారి సరిచూసి పెట్టమని పెద్దలను కోరుతున్నాం. వస్సలాం.